సర్టిఫికెట్ వచ్చింది, చెయ్యి మాత్రం వణుకుతూనే ఉంది

నిన్న సాయంత్రం మా మండలం టీచర్ల వాట్సాప్ గ్రూపులో మళ్ళీ ఒక ఎక్సెల్ షీట్ పడింది. ఆన్‌లైన్ కోర్సు ఎవరు పూర్తి చేశారు, ఎవరు చేయలేదు, స్కూళ్ళ వారీగా. చేయనివాళ్ళ పేర్లు ఎర్రగా. నా పేరు పచ్చగానే ఉంది లెండి, కానీ ఆ పచ్చరంగు ఎలా వచ్చిందో నాకు తెలుసు, అందుకే ఈ పోస్టు.

నేను గిద్దలూరు వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. 2019 ఆగస్టులో కేంద్రం టీచర్ల కోసం నిష్ఠ అనే శిక్షణ మొదలుపెట్టింది. అప్పట్లో ఆర్‌పీలు, అంటే శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్లు, ఎదురుగా నిలబడి చెప్పేవాళ్ళు, మనం కూర్చుని వినేవాళ్ళం. కరోనా వచ్చాక, 2020 అక్టోబరు నుంచి దాన్ని దీక్ష అనే ఆన్‌లైన్ పాఠాల పోర్టల్లోకి మార్చారు. ఎలిమెంటరీ స్థాయి టీచర్లకి మొత్తం 18 కోర్సులు, పదిహేను రోజులకి మూడు చొప్పున. (నిష్ఠ, దీక్ష అని పేర్లు వింటే మడి కట్టుకుని కూర్చోవాలేమో అనిపించేది నాకు.)

మొదటి మూడు కోర్సులూ నిజంగానే మడి కట్టుకున్నట్టు చేశాను. వీడియోలన్నీ చూశా, నోట్సు రాసుకున్నా, సర్టిఫికెట్ వస్తే ప్రింట్ తీయించి మా ఆయనకి చూపించా. తీరా లిస్టులో చూస్తే నా పేరు లేదు. సంగతేమిటంటే నేను డిపార్ట్‌మెంట్ ఐడీతో కాకుండా నా జీమెయిల్‌తో లాగిన్ అయ్యాను, ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు. తప్పు నాదే, ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉంటే నిమిషంలో తేలిపోయేది. కానీ అడగడానికి సిగ్గేసింది. పదిమందికి పాఠాలు చెప్పే మనిషి, లాగిన్ అవ్వడం ఎలాగండీ అని అడుగుతుందా?

సరే, మళ్ళీ మొదటినుంచి చేశా. ఈసారి నోట్సూ లేదు, పాడూ లేదు. ఫోను ఫ్రిజ్ మీద పెట్టి వీడియో ఆన్ చేసి నేను చారుకి పోపు వేసుకున్నా. చివర్లో క్విజ్, దానికి జవాబులు ఎవరో వాట్సాప్‌లో పెడితే చూసి నొక్కేశా. ఆ 18 కోర్సుల్లో బోధనలో ఐసీటీని (కంప్యూటర్, ఇంటర్నెట్ లాంటివి) ఎలా వాడాలి అన్నది కూడా ఒకటి. అదీ పోపు వాసనలోనే పూర్తయింది. ఇందులో గొప్పేమీ లేదు, దాచుకోవడానికీ ఏమీ లేదు, మా స్టాఫ్ రూంలో ఇంచుమించు అందరి కథా ఇదే. కోర్సులు మరీ తీసిపారేసేవి కావు, నిదానంగా చదివితే పనికొచ్చేవి చాలానే ఉన్నాయి. కాకపోతే రోజూ రాత్రి తొమ్మిదికి "మన మండలం ఇంకా వెనకబడి ఉంది, వెంటనే కంప్లీట్ చేసి స్క్రీన్‌షాట్ పెట్టండి" అని మెసేజ్ వస్తుంటే నిదానం ఎక్కడినుంచి వస్తుంది?

తర్వాత క్లాసు గోడలకి పెద్ద టచ్ ప్యానెళ్ళు వచ్చాయి, ఐఎఫ్‌పీలు. వాటికి ఒక పూట శిక్షణ. యాభైమందిమి, ప్యానెల్ ఒకటే. చెప్పినాయన చురుకైన మనిషి, చకచకా చూపించేశారు. ముందు వరసలో ఇద్దరో ముగ్గురో దాన్ని ముట్టుకున్నారు. "అర్థమైందా?" అంటే "అర్థమైంది సార్" అని అందరం ఒకేసారి అన్నాం, అచ్చం మా ఆరో తరగతి పిల్లల్లాగే. నాకు ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు.

మర్నాడు పదో తరగతిలో గుండె బొమ్మ పెట్టి, రక్తం ఎటునుంచి ఎటు పోతుందో వేలితో బాణం గుర్తులు వేస్తున్నా. ఎడమ కర్ణిక దాకా వచ్చేసరికి వేసిన గుర్తులు వేసినట్టే మాయమైపోతున్నాయి. ముందు నెమ్మదిగా నవ్వులు, తర్వాత గట్టిగానే. వెనక బెంచీ పిల్లాడు లేచి, "మేడమ్, అరచెయ్యి ఆనించొద్దు, అది డస్టర్ అనుకుంటది" అన్నాడు. పాపం వాడు సాయం చేద్దామనే అన్నాడు. నేను మాత్రం ఆ తర్వాత నెలరోజులు ప్యానెల్ స్విచ్ వేయలేదు. చాక్‌పీసుతోనే చెప్పా, అడిగినవాళ్ళకి నెట్ రావట్లేదన్నా.

దాన్ని మళ్ళీ ఆన్ చేయించింది మా తెలుగు మాస్టారు. రిటైర్‌మెంట్‌కి రెండేళ్ళుంది ఆయనకి. ఒకరోజు లాంగ్‌బెల్ అయ్యాక వచ్చి, "అమ్మా, ఆ బటన్లేవో నాకూ చూపించు, నీకు రాకపోయినా ఫర్లేదు, నేనెవరికీ చెప్పను" అన్నారు. తలుపు దగ్గరికి వేసుకుని ఇద్దరం దాని ముందు నిలబడ్డాం. ఆయన కనపడ్డ బొమ్మనల్లా నొక్కేశారు. ఎక్కడ నొక్కారోగానీ భాష మారిపోయి స్క్రీన్ నిండా చీనా అక్షరాలు వచ్చాయి. మళ్ళీ ఇంగ్లీషులోకి తెచ్చుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది, నవ్వలేక చచ్చాం. ఆ ఇరవై నిమిషాల్లో సెట్టింగ్స్ ఎక్కడుంటాయి, ఏది నొక్కితే వెనక్కి వస్తుంది, ఏది నొక్కినా కొంప మునగదు అన్నది నాకు తెలిసింది. అలా నాలుగు సాయంత్రాలు.

ఇప్పుడు ఆయన ప్యానెల్ మీద పద్యం పెద్ద అక్షరాల్లో రాసి గణవిభజన చేయిస్తారు. గురువుకి ఎరుపు, లఘువుకి నీలం. కావాలనే అరచెయ్యి ఆనించి ఒక పాదంలో గుర్తులు చెరిపేసి, "ఏమర్రా, ఇది ఎగిరిపోయింది, ఎవరు పెడతారు?" అంటారు. పిల్లలు ఎగబడతారు. నన్ను నెలరోజులు చాక్‌పీసు పట్టించిన తప్పు, ఆయనకి పాఠం అయింది.

షీట్లూ ఎర్రరంగులూ అస్సలు వద్దని నేననను, అవే లేకపోతే నేను ఆ యాప్ తెరిచేదాన్నే కాదేమో. కానీ ఎవరూ లెక్కపెట్టని చోట, ఎవరూ నవ్వని చోట ఒక గంటసేపు తప్పులు చేసుకోనిచ్చే శిక్షణ నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు. ఐదారుగురిని కూర్చోబెట్టి, ఎవరి చేతికి వాళ్ళది ఇచ్చి, రెండు వారాలాగి మళ్ళీ వచ్చి "ఎక్కడ ఆగిపోయారు?" అని అడిగితే చాలు. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. కాకపోతే దానికి ఎక్సెల్‌లో గడి ఉండదు.

శనివారం చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో ఇంకో కొత్త యాప్ గురించి చెబుతారట. పొద్దున మాస్టారు స్టాఫ్ రూంలోకి వస్తూనే, "అమ్మా, శుక్రవారం సాయంత్రం ఆ రూం తాళం అటెండర్ దగ్గర తీసి ఉంచు, ప్రైమరీ స్కూల్ నుంచి ఇద్దరు ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) అమ్మాయిలు కూడా వస్తామన్నారు, వాళ్ళకి లాగిన్ దగ్గరే ఆగిపోయిందట" అన్నారు.

జీమెయిల్ సంగతి వాళ్ళకి నేనే ముందు చెప్పేస్తా.