ఏ వరుసలో ఉంది?

ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాలకు రాసే ఐసెట్‌లో 200 ప్రశ్నలకు 150 నిమిషాల సమయం ఇస్తారు. సగటున ప్రశ్నకు 45 సెకన్లు. విశ్లేషణ, గణిత విభాగాల ప్రశ్నలు ఇంగ్లీషుతో పాటు తెలుగులో కూడా ఉంటాయి కనుక తెలుగు మాధ్యమం వారికి వాటి విషయంలో ఏ లోటూ లేదు. ఇంగ్లీషు భాషా సామర్థ్యాన్ని చూసే విభాగం మాత్రం పూర్తిగా ఇంగ్లీషులోనే ఉంటుంది, అందులోనూ అన్నింటికన్నా చివర వచ్చేది రీడింగ్ కాంప్రహెన్షన్. ముందెన్నడూ చూడని ఒక ఇంగ్లీషు ప్యాసేజీ, దాని కింద ప్రశ్నలు, ఒక్కొక్క ప్రశ్నకు నాలుగేసి జవాబులు. 2001 నుంచి 2004 వరకు పార్వతీపురంలో, మన కళాశాలలో బీకాం తెలుగు మాధ్యమంలో చదివిన మా జట్టుకు ఆ పరీక్షలో గుండె జారిపోయేది ఆ చివరి భాగం దగ్గరే. ఆ భయాన్ని మన ఇంగ్లీషు మాస్టారు ఎలా పోగొట్టారో రాసి ఉంచడానికి మన కళాశాల పత్రిక ఈ సంచిక కంటే తగిన చోటు నాకు కనబడలేదు. ఆ సంవత్సరాలలో చదివిన వారికి ఆయన పేరు చెప్పనక్కరలేదు.

మాలో ఎక్కువ మంది కొమరాడ, కురుపాం, గరుగుబిల్లి, సీతానగరం వైపు పల్లెల నుంచి బస్సుల్లో, సైకిళ్ళ మీద వచ్చేవారం. ఇంగ్లీషులో అంతవరకు ఏ పరీక్షా తప్పిన వారం కాదు, కాని ఆ పరీక్షలు గట్టెక్కిన పద్ధతి వేరు. పాఠ్యపుస్తకంలోని పాఠం ముందే విన్నది, దాని ప్రశ్నలు ముందే తెలిసినవి, జవాబులు కంఠస్థం చేసినవి. పరీక్షలో ఆ పాఠం నుంచి నాలుగు వాక్యాలు ఇచ్చి ప్రశ్నలు అడిగితే, ఆ నాలుగు వాక్యాలను చదవకుండానే జవాబు రాసేయగలిగేవారం. అంటే చదివి అర్థం చేసుకోవడాన్ని పరీక్షించవలసిన ప్రశ్న జ్ఞాపకశక్తిని పరీక్షించి ఊరుకునేది. ప్రవేశ పరీక్షలో ఆ ఊతం లేదు. ప్యాసేజీ సముద్రపు ప్రవాహాల గురించి ఉండవచ్చు, బీమా వ్యాపారం గురించి ఉండవచ్చు, శిల్పకళ గురించి ఉండవచ్చు. చదవడం తప్ప వేరే దారి లేదు.

చివరి సంవత్సరం సంక్రాంతి సెలవులు అయిపోగానే మాస్టారు కాలేజీ వేళలు ముగిశాక గ్రంథాలయం పక్క గదిలో మమ్మల్ని కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. రుసుము మాట ఎవరూ ఎత్తలేదు, ఆయన ఎత్తనివ్వలేదు. జిరాక్సు కాగితాల ఖర్చు మాత్రం తలా కొంత వేసుకునేవారం. ప్యాసేజీలు కొన్ని పాత ప్రశ్నపత్రాల నుంచి తీసినవి, కొన్ని ఆయన స్వయంగా రాసినవి. ప్రతి కాగితానికి ఎడమవైపు అంచున 5, 10, 15 అని వరుసల సంఖ్యలు వేసేవారు. ఆ సంఖ్యలు ఎందుకో మొదటి రోజే తెలిసింది. ఎవరు ఏ జవాబు చెప్పినా ఆయన తప్పనీ ఒప్పనీ అనేవారు కాదు. "ఏ వరుసలో ఉంది నాయనా?" అని అడిగేవారు. వరుస చూపించలేని జవాబు, అది సరైనదే అయినా సరే, ఆ గదిలో చెల్లేది కాదు.

ఆ ప్రశ్న ఎంత పదునైనదో చెప్పడానికి ఆయన రాసిన చెరువుల ప్యాసేజీని చూపిస్తాను. అందులో ఒక వాక్యానికి అర్థం ఇది: ఆ ఏడాది వర్షపాతం సగటు కంటే తక్కువైనప్పటికీ, వేసవిలో పూడిక తీసిన చెరువులు జనవరి దాకా నీరు నిలుపుకున్నాయి. ప్రశ్న ఏమంటే, జనవరి దాకా నీరు ఎందుకు నిలిచింది? ఇచ్చిన జవాబులు నాలుగు. వర్షాలు బాగా కురిశాయి, పూడిక తీశారు, రైతులు నీటిని పొదుపుగా వాడారు, ఆ ప్రాంతంలోని చెరువులన్నీ లోతైనవి. గదిలో సగం మంది వర్షాలకే చెయ్యెత్తారు. అందరూ వ్యవసాయ కుటుంబాల పిల్లలే. చెరువు నిండాలంటే వాన పడాలన్నది పుట్టినప్పటి నుంచి కళ్ళారా చూసిన సత్యం. కొందరు పొదుపు అన్నారు, అదీ లోకంలో నిజమే. మాస్టారు ఎవరినీ కాదనకుండా అందరినీ వరుస చూపించమన్నారు. వర్షాలు బాగా కురిశాయన్న మాట ఏ వరుసలోనూ లేదు, సరిగ్గా దానికి విరుద్ధమైన మాటే ఉంది. పొదుపు ప్రస్తావన మొత్తం కాగితంలో ఎక్కడా లేదు. నాలుగో జవాబును ఎంచుకున్న అమ్మాయి ఒకరు 'చెరువులన్నీ' అన్న మాటకు ఆధారం వెతికి వెతికి, నీరు నిలిచింది పూడిక తీసిన చెరువుల్లోనేనని, మిగతా చెరువుల సంగతి రచయిత అసలు చెప్పలేదని తనంతట తానే తేల్చి చెప్పింది. ప్రశ్నపత్రం తయారుచేసేవారు తప్పు జవాబులను ఎలా అల్లుతారో ఆ ఒక్క ప్రశ్నతో మాకు బోధపడింది. ఒకటి ప్యాసేజీకి తలకిందులుగా ఉంటుంది, ఒకటి లోకంలో నిజమైనా ప్యాసేజీలో ఉండదు, ఒకటి ఉన్నదానికే 'అన్నీ', 'ఎప్పుడూ', 'మాత్రమే' వంటి మాట తగిలించి హద్దు దాటిస్తుంది.

అదే వాక్యం మీద మరొక సాయంత్రం మొత్తం గడిచింది. ఇంగ్లీషులో అది 'ది ట్యాంక్స్ దట్ హాడ్ బీన్ డీసిల్టెడ్ ఇన్ సమ్మర్ హెల్డ్ వాటర్ టిల్ జనవరి' అని సాగుతుంది. 'వేసవిలో పూడిక తీసిన' అన్న విశేషణమంతా తెలుగులో చెరువుల కంటే ముందే వచ్చేస్తుంది, ఆ తర్వాత కర్త, చివర క్రియతో వాక్యం మూతపడుతుంది. ఇంగ్లీషులో కర్త ముందు వచ్చి నిలబడుతుంది, దాని వెనుక ఉపవాక్యం దాని సొంత క్రియతో సహా దూరుతుంది, అసలు క్రియ ఎక్కడో తర్వాత కనబడుతుంది. తెలుగు వాక్యానికి అలవాటుపడిన కన్ను మొదటి క్రియ కనబడగానే వాక్యం అయిపోయిందనుకుంటుంది, రెండో క్రియ వచ్చేసరికి అది ఎవరి క్రియో తెలియక తికమకపడుతుంది. ఇంగ్లీషు ప్యాసేజీ అర్థం కాలేదని మేము అనుకున్న చోట్లలో ఎక్కువ భాగం కష్టమైన మాటల వల్ల వచ్చినవి కావని, కర్తకూ క్రియకూ మధ్య దూరం వల్ల వచ్చినవని మాస్టారు పట్టుకున్నారు. పెన్సిలుతో అసలు క్రియ కింద రెండు గీతలు, ఉపవాక్యం చుట్టూ కుండలీకరణం; ఆ తర్వాత 'ఎవరు?' లేక 'ఏది?' అని క్రియను అడిగి కర్తను పట్టుకోవడం. మార్చి నెల వచ్చేసరికి గీతలు లేకుండానే కన్ను ఆ పని చేయడం మొదలుపెట్టింది. నా మట్టుకు నాకు, ఆ గదిలో నేర్చుకున్న వాటిలో ఇంతకంటే విలువైనది మరొకటి లేదు. వ్యాకరణం అన్నది ఖాళీలు పూరించడానికి కాక చదవడానికి పనికివస్తుందని నాకు తెలిసింది అప్పుడే.

సర్వనామాలకు కూడా ఇదే శ్రద్ధ. 'ఇట్', 'దే', 'దిస్' అన్నవి ఎదురైన ప్రతిసారీ అవి దేన్ని సూచిస్తున్నాయో బాణం గుర్తు వేయాలి.

రచయిత అభిప్రాయం అడిగే ప్రశ్నలు వీటన్నింటికంటే గట్టివి. తెలుగులో మనం ఇతరుల మాటను చెప్పి, చివర 'అని కొందరి వాదన' అని ముగిస్తాం. ఆ మాట ఎవరిదో వాక్యం పూర్తయ్యేసరికి స్పష్టంగా తెలిసిపోతుంది. ఇంగ్లీషు వ్యాసకర్త 'సమ్ పీపుల్ ఆర్గ్యూ' అని ఒక్కసారి మొదట అనేసి, ఆ తర్వాత మూడు నాలుగు వాక్యాల పాటు ప్రత్యర్థుల వాదాన్ని తన వాదమంత బలంగా వినిపిస్తాడు. ఆ తర్వాత ఒక 'బట్' గాని 'హౌవెవర్' గాని వచ్చి వాదం మలుపు తిరుగుతుంది. ఆ మలుపును గమనించకుండా చదివినవారు ప్రత్యర్థుల వాదాన్నే రచయిత అభిప్రాయంగా గుర్తిస్తారు, పైగా ఆ జవాబు నాలుగింటిలో ఒకటిగా సిద్ధంగా ఉంటుంది. అందుకని 'బట్', 'హౌవెవర్', 'యెట్', 'ఆల్దో' కనబడిన చోట అంచున ఒక అడ్డగీత గీసి, గీతకు పైన ఎవరి మాట, కింద ఎవరి మాట అని రాయించేవారు.

చదవడానికి ఆ కాగితాలొక్కటే సరిపోవని శాఖా గ్రంథాలయానికి వచ్చే ఇంగ్లీషు దినపత్రికను కూడా ఆయన మా చేత చదివించారు. తెలుగు పత్రికల చుట్టూ ఎప్పుడూ జనమే, ఇంగ్లీషు పత్రిక మాత్రం నలగకుండా బల్ల మీద ఉండేది. రోజుకొక సంపాదకీయం, ప్రతి పేరాకు పక్కన తెలుగులో ఒకే ఒక వాక్యం. నిఘంటువు ముట్టుకోవడానికి మొదటి చదువులో అనుమతి లేదు. తెలియని మాట కింద గీత గీసి ముందుకు పోవాలి, పేరా పూర్తయ్యాక ఆ మాటకు అర్థం ఇదై ఉంటుందని ఊహించి రాయాలి, అప్పుడు నిఘంటువు తెరవాలి. ఊహ నిజమైన రోజున కలిగిన ఆనందం నాకింకా గుర్తుంది. పేరాకు ఒక్క వాక్యం రాయడం మొదట్లో చాలా కష్టమైంది, ఎందుకంటే ముఖ్యమైనదీ దానికి ఉదాహరణగా ఇచ్చినదీ విడదీయడం అలవాటు లేదు. అది పట్టుబడిన తర్వాత, ప్యాసేజీకి తగిన శీర్షిక ఏది అని అడిగే ప్రశ్న దానంతటదే తేలికైపోయింది.

ముందు ప్రశ్నలు చదివి ఆ తర్వాత ప్యాసేజీలో జవాబుల కోసం వెతకాలన్న చిట్కా ఆ రోజుల్లో పట్టణాల నుంచి వచ్చిన గైడ్లలో కనిపించేది. తేదీ, పేరు, అంకె అడిగే ప్రశ్నలకు అది పనికివస్తుందని ఒప్పుకుంటాను. కారణం, ఉద్దేశం, అంతరార్థం అడిగే ప్రశ్నలకు మాత్రం అది హాని చేస్తుందని నా దృఢమైన అభిప్రాయం, ఎందుకంటే వాటి జవాబు ఒక మాటలో ఉండదు, రెండు పేరాల మధ్య సంబంధంలో ఉంటుంది. వెతికే కన్నుకు మాట దొరుకుతుంది గాని సంబంధం దొరకదు. ఒకసారి నిదానంగా, ఆగకుండా పూర్తిగా చదివి, తర్వాత ప్రతి ప్రశ్నకు వరుస దగ్గరికి తిరిగి వెళ్ళడమే మాస్టారి పద్ధతి. పెదవులు కదపకుండా చదవడం సాధన చేశాక ఆ మొదటి చదువుకు పట్టే సమయం బాగా తగ్గింది.

ప్యాసేజీలు ప్రశ్నపత్రం చివర ఉన్నాయని చివరనే చేయడం కూడా ఆయన ఒప్పుకోలేదు. లెక్క చూడగానే వస్తుందో రాదో తెలుస్తుంది, రానిదాన్ని వదిలి పోవచ్చు. ప్యాసేజీకి మొదటి జవాబు రాయాలన్నా ముందు మొత్తం చదవాలి, ఆ సమయం చివరి పది నిమిషాల్లో దొరకదు, దొరికినా గడియారం వైపు చూసే మనసుకు ఉపవాక్యాలు విడదీసే ఓపిక ఉండదు. ఐసెట్‌లో తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కనుక, మిగిలిపోయిన లెక్కలకు ఆఖరున ఊహించైనా గడులు నింపవచ్చు. అందువల్ల మనసు తాజాగా ఉన్నప్పుడే ప్యాసేజీలు పూర్తి చేసుకుని, తర్వాత మొదటి విభాగానికి రావాలి. విజయనగరంలో పరీక్ష రాసిన రోజున మా జట్టులో చాలామంది అలాగే చేశాం. నాకు విశాఖపట్నంలో ఎంబీఏలో సీటు వచ్చింది. ఇప్పుడు రుణ ఒప్పందాల పత్రాలు చదివే ఉద్యోగంలో ఉన్నాను. పేజీ పొడవునా సాగే షరతుల వాక్యాల్లో అసలు క్రియను వెతుక్కోవడం నాకు దినచర్య. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు ఏ షరతు గురించి చెప్పినా, అది ఏ వరుసలో ఉందో చూపించమనే అడుగుతాను.

ఇప్పుడు మన కళాశాలలో చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పరిస్థితులు కొంత మారాయి. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాలకూ వేర్వేరు ఐసెట్‌లు వచ్చాయి, పరీక్ష కంప్యూటర్ మీదికి మారింది. తెర మీద పెన్సిలు గీతలు పనికిరావు గనుక, చిత్తు కాగితం మీద పేరా సంఖ్య వేసి, ఎదురుగా ఆ పేరా సారాన్ని ఒకటి రెండు మాటల్లో రాసుకోవడం సాధన చేయాలి. మీ ఇళ్ళలో ఇంటర్ పూర్తి చేస్తున్నవారికి మరొక సంగతి చెప్పండి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశాలకు 2022లో మొదలైన సీయూఈటీలోనూ భాషా పరీక్షకు ప్రాణం చదివి అర్థం చేసుకోవడమే. అందులో తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది గనుక వరుస చూపించలేని జవాబు అక్కడ మరింత ఖరీదైనది. ఆ భాషా పరీక్ష రాయడానికి ఎంచుకోగల 13 భాషల్లో తెలుగు కూడా ఉంది. ప్యాసేజీ సాధన తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషుకు తీసుకెళ్ళడం వల్ల ఎంతో మేలు ఉంటుందని నా నమ్మకం, ఎందుకంటే ఆధారం చూపించే అలవాటు ముందు సొంత భాషలో కుదిరితే, రెండో భాషలో మిగిలే కష్టం వాక్య నిర్మాణం ఒక్కటే.

మాస్టారి కాగితాల్లో నా దగ్గర మిగిలినవాటిని, చెరువుల ప్యాసేజీతో సహా, శుభ్రంగా ప్రతులు తీయించి ఇంగ్లీషు శాఖకు అందజేశాను. మన జట్టులో చాలామంది దగ్గర ఇంకా కొన్ని ఉండి ఉంటాయి. ట్రంకుపెట్టెల్లోనో, అటక మీద పాత పుస్తకాల మధ్యనో ఒకసారి వెతికి, దొరికినవి వేసవి లోపల కళాశాలకు పంపండి. ఎడమ అంచున వరుసల సంఖ్యలు తెగిపోకుండా జిరాక్సు తీయించండి.