పెరట్లో బిళ్ళగన్నేరు, ఫోనులో డాక్టరు

మా మేనత్తకు రొమ్ము క్యాన్సరు అని తేలిన తరువాత చీపురుపల్లిలోని ఆ ఇంట్లో రెండు వైద్యాలు పక్కపక్కనే నడిచాయి: మూడు వారాలకొకసారి రైల్లో విశాఖపట్నం వెళ్ళి ఎక్కించుకునే కీమో ఒకటి, వాట్సాప్‌లో వచ్చిన సందేశాన్ని నమ్మి తెప్పించుకున్న ఆకుల పొడి కషాయం మరొకటి. మూడవ విడతకు ముందు రక్తపరీక్షలో కాలేయపు ఎంజైములు పెరిగి ఉండడంతో కీమో వాయిదా పడింది.

వీడియో కాల్‌లో డాక్టరు గారు ఇంకేమి వాడుతున్నారని అడిగి, డబ్బాను కెమెరా ముందు పెట్టమన్నారు. అత్త భయపడుతూనే చూపించింది. ఆయన కోప్పడలేదు. కీమో మందుల్లో చాలావాటిని కాలేయమే విడగొడుతుందని, ఆ సమయంలో కొన్ని మూలికలు తోడైతే మందు రక్తంలో అతిగా నిలిచిపోవచ్చని, లేదా పని చేయకముందే తరిగిపోవచ్చని ఓపికగా వివరించి, చికిత్స ముగిసేవరకు పొడి ఆపమన్నారు. ఆ ఓపికే అత్తను ఒప్పించిందని నా నమ్మకం.

మూలికలంటే నాకు చులకన లేదు. 1963లో అమెరికాలో అనుమతి పొందిన విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సరు మందు మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుండి వచ్చినదే. నేటికీ పిల్లల రక్తక్యాన్సరుకు వాడుతున్నారు. అయితే అది శుద్ధిచేసి, మిల్లీగ్రాముల్లో కొలిచి, నరంలోకి మాత్రమే ఎక్కించే మందు. అత్తకు వచ్చిన సందేశంలో మోతాదు ఊసే లేదు.

ఇప్పుడు అత్త ఏది కొత్తగా తీసుకోవాలన్నా ముందు దాని ఫొటో డాక్టరు గారికి పంపుతోంది. నిన్న ఉసిరికాయ పచ్చడి గురించి అడిగింది, కొద్దిగా తినమన్నారు.