చీమకుర్తి ఫ్యాక్టరీలో దొంగ డీహెచ్‌సీపీని ఆపిన విధానం: నా అనుభవం

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ నెట్‌వర్క్ నేను చూస్తుంటాను. ఆఫీసు, కాటా గది, పాలిషింగ్ షెడ్డు అన్నీ సిస్కో కంపెనీ స్విచ్‌ల (కేబుళ్లను కలిపే పెట్టెల) మీదే నడుస్తాయి. కంప్యూటర్లకు ఐపీ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో వాటి చిరునామాలు) ఆఫీసులోని సిస్కో రూటర్ ఇస్తుంది. ఇలా అడ్రస్‌లు వాటంతటవే పంచే పద్ధతి పేరే డీహెచ్‌సీపీ.

ఒక మధ్యాహ్నం అకౌంటెంట్ ఫోన్ చేశాడు. "అన్నా, లోడు లారీ కాటా దగ్గరే ఆగిపోయింది. ఈ-వే బిల్లు తీద్దామంటే నెట్ లేదు." వింత ఏమిటంటే పొద్దున ఆన్ చేసిన కంప్యూటర్లన్నీ బాగానే ఉన్నాయి. భోజనాలయ్యాక ఆన్ చేసినవే పనిచేయడం లేదు.

పనిచేయని కంప్యూటర్లో నెట్‌వర్క్ వివరాలు చూపే ఐపీకాన్ఫిగ్ ఆల్ కమాండ్ కొట్టించాను. మా అడ్రస్‌లు 10తో మొదలవ్వాలి. అక్కడ 192.168.0 వరసలో ఉంది, డీహెచ్‌సీపీ సర్వర్ 192.168.0.1 అని చూపిస్తోంది. ఏ ఐపీ ఏ పరికరానిదో చూపే ఏఆర్‌పీ పట్టికలో దాని మ్యాక్ అడ్రస్ (పరికరానికి ఉండే గుర్తింపు నంబరు) పట్టుకుని స్విచ్‌లో వెతికితే షెడ్డు వైపు పోర్టు తేలింది. వెళ్లి చూస్తే సూపర్‌వైజర్ గదిలో ఇళ్లలో వాడే వైఫై రూటర్ ఉంది. మా కేబుల్ దాని వాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చే చోట) కాకుండా లాన్ పోర్టులో (లోపలి కంప్యూటర్లు తగిలించే చోట) పెట్టారు. దాంతో అది మా నెట్‌వర్క్ మొత్తానికీ అడ్రస్‌లు పంచడం మొదలుపెట్టింది.

అతన్ని తిట్టి లాభం లేదు. షెడ్డులో ఫోన్ సిగ్నల్ అందదు, అతని అవసరం అతనిది. అసలు లోపం పద్ధతిలోనే ఉంది. అడ్రస్ కావాల్సిన కంప్యూటర్ నెట్‌వర్క్‌లో అందరినీ అడుగుతుంది. సాధారణంగా ముందు ఎవరు జవాబిస్తే వాళ్ల అడ్రస్ తీసుకుంటుంది, వాళ్లెవరని ఆరా తీయదు. తెలియక పెట్టిన రూటర్ వల్ల నెట్ ఆగింది, అంతే. కావాలని పెట్టేవాడు తన మెషీన్‌నే గేట్‌వేగా (బయటి నెట్‌కు దారిగా), డీఎన్ఎస్‌గా (వెబ్‌సైట్ పేరుకు అడ్రస్ చెప్పేదిగా) చూపిస్తే ట్రాఫిక్ మొత్తం వాడి చేతుల మీదుగా పోతుంది. అకౌంట్స్ విభాగం బ్యాంకు పనులన్నీ ఆ నెట్ మీదే చేస్తుంది. నాకు టెన్షన్ పట్టుకుంది అందుకే.

దీనికి మందు స్విచ్‌లోనే ఉంది. దాని పేరు డీహెచ్‌సీపీ స్నూపింగ్. అసలు సర్వర్ (మా సిస్కో రూటర్) వైపు వెళ్లే పోర్టులను మాత్రమే ట్రస్ట్ చేస్తాం, అంటే నమ్మదగినవని స్విచ్‌కు చెబుతాం. మిగతా పోర్టుల నుంచి ఎవరైనా అడ్రస్ ఇవ్వబోతే స్విచ్ ఆ ప్యాకెట్‌ను పారేస్తుంది. ముందు ప్రతి స్విచ్‌లో రూటర్ వైపు పోర్టుకు ట్రస్ట్ పెట్టి, ఆ తర్వాతే స్నూపింగ్ ఆన్ చేయాలి. ఈ వరస తప్పితే అసలు సర్వర్ జవాబులే ఆగిపోతాయి. స్నూపింగ్ ఏ వీలాన్‌లో (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్ భాగంలో) పనిచేయాలో దాని నంబరు కూడా ఇవ్వాలి. అది లేకపోతే ఆన్ చేసినట్టే కనిపిస్తుంది కానీ ఏమీ ఆపదు.

అంతా సరిగ్గా పెట్టినా కొత్త కంప్యూటర్లకు అడ్రస్ రాలేదు. కారణం ఆప్షన్ 82, అంటే అభ్యర్థన ఏ స్విచ్‌లో ఏ పోర్టు నుంచి వచ్చిందో చెప్పే సమాచారం. స్నూపింగ్ ఆన్ చేయగానే సిస్కో స్విచ్ ప్రతి అభ్యర్థనకూ ఈ సమాచారం తగిలిస్తుంది. రిలే (అభ్యర్థనను వేరే నెట్‌వర్క్‌లోని సర్వర్‌కు చేరవేసే పరికరం) ద్వారా రాకుండా నేరుగా ఇలా వచ్చిన అభ్యర్థనను సిస్కో రూటర్ నమ్మదు. స్విచ్‌లలో దాన్ని చేర్చడం ఆపేస్తే వెంటనే అడ్రస్‌లు వచ్చాయి. అదే వైఫై రూటర్‌ను మళ్లీ అదే పోర్టులో పెట్టించి చూశాను, ఒక్క కంప్యూటర్ కూడా దాని మాట వినలేదు.

షెడ్డులో ఒక చౌక ఎనిమిది పోర్టుల స్విచ్ ఉండేది. దానికి ఇవేమీ తెలియవు కాబట్టి దొంగ రూటర్‌ను దానికే తగిలిస్తే దాని మీద ఉన్న కంప్యూటర్లకు రక్షణ ఉండదు. అది తీయించి విడి కేబుళ్లు లాగించాం. సూపర్‌వైజర్ గదికి సరైన యాక్సెస్ పాయింట్ (అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పెట్టె) పెట్టించాం.

ఇక డైనమిక్ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ (వేరేవాళ్ల ఐపీ తనదని చెప్పే దొంగ ఏఆర్‌పీ సందేశాలను ఆపేది) పెట్టాలి. ఏ కంప్యూటర్‌కు ఏ అడ్రస్ వచ్చిందో, అది ఏ పోర్టులో ఉందో స్నూపింగ్ ఒక బైండింగ్ పట్టికలో రాసుకుంటుంది, ఇది ఆ పట్టికను చూసే పనిచేస్తుంది. కరెంటు పోయి స్విచ్ రీస్టార్ట్ అయితే ఆ పట్టిక పోతుంది కాబట్టి ముందు దాన్ని ఫైల్‌గా సేవ్ అయ్యేలా పెట్టాను. స్టాటిక్ ఐపీ (చేత్తో పెట్టిన అడ్రస్) ఉన్న ప్రింటర్లు ఆ పట్టికలో ఉండవు, వాటిని విడిగా చేర్చే పని ఇప్పుడు నడుస్తోంది.