కోడలి కలను నమ్మిన ఇల్లు

వరలక్ష్మీ వ్రత కథలో అందరికీ గుర్తుండిపోయేవి రెండు ఘట్టాలు. ఒకటి చారుమతికి కలలో అమ్మవారు కనిపించడం, రెండోది ప్రదక్షిణలు చేస్తుండగా ఆడవాళ్ల ఒంటి మీద నగలు వచ్చి చేరడం. ఈ రెంటికీ నడుమ ఒక చిన్న మాట ఉంది. చేతిలో అక్షింతలు పట్టుకుని కథ వింటూ, వంటింట్లో పూర్ణాలు వేగాయో లేదో అని మనసులో లెక్క వేసుకునే మనం దాన్ని అట్టే పట్టించుకోం. చారుమతి నిద్ర లేచి తన కలను భర్తకూ అత్తమామలకూ చెప్పింది. వాళ్లు విని ఎంతో సంతోషించారు. ఇది చాలా ఉత్తమమైన కల, అమ్మవారు చెప్పినట్టే వ్రతం చేసి తీరాలి అన్నారు. అంతే, కథ ముందుకు వెళ్లిపోతుంది. నా మనసు మాత్రం ఏటా అక్కడే ఆగుతుంది.

ఎందుకంటే ఆ మాట అంత తేలికైనది కాదు. కోడలు పొద్దున్నే వచ్చి "అమ్మవారు నా కల్లోకి వచ్చారు, ఫలానా రోజు పూజ చేయమన్నారు" అంటే ఎన్ని ఇళ్లలో ఆ మాట నిలుస్తుంది? "ఇంటికి పెద్దదాన్ని నేనుండగా నీకు కనిపించిందా?" అనే అత్తగారు ఉంటారు. "రాత్రంతా ఏదో ఆలోచిస్తూ పడుకుని ఉంటావులే" అని నవ్వేసే భర్త ఉంటాడు. "మన వంశంలో ఆ ఆనవాయితీ లేదమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేసే మామగారు ఉంటారు. చారుమతికి ఇందులో ఏదీ ఎదురు కాలేదు. రుజువేమిటని ఎవరూ అడగలేదు. కల వచ్చింది కోడలికి, పండగ మొదలైంది ఇల్లంతటికీ.

పార్వతీదేవి కైలాసంలో శివుణ్ణి అడిగింది, స్త్రీలు సకల సౌభాగ్యాలూ పొందే వ్రతం ఏదైనా ఉంటే చెప్పమని. ఆయన చెప్పిన కథనే సూతుడు శౌనకాది మునులకు వినిపించాడని వ్రతకల్పం. మగధ దేశంలో కుండినమనే పట్టణం, బంగారు ప్రాకారాల ఊరు. అక్కడి ఇల్లాలు చారుమతి. తెల్లవారుతూనే లేచి ఇంటి పనులు చక్కబెట్టుకునేది, అత్తమామలను కనిపెట్టుకుని ఉండేది, తక్కువగా, ప్రియంగా మాట్లాడేది. ఆ గుణాలకు మెచ్చే అమ్మవారు ప్రత్యక్షమైంది. శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం నన్ను పూజించు, కోరిన వరాలిస్తాను అంది.

ఇక్కడి దాకా విని ఈ కాలపు అమ్మాయిలు ఒక ప్రశ్న వేస్తున్నారు. "అంటే అత్తమామలకు సేవ చేస్తేనే లక్ష్మి వస్తుందా? ఈ కథ కోడళ్లకు చెప్పే పాఠమేనా?" అని. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. తరతరాలుగా ఈ కథను కోడలి వైపే వేలు చూపిస్తూ చదివాం కాబట్టి వాళ్లకు అలా వినిపిస్తోంది. కథను మొత్తంగా చూస్తే అత్తమామలకూ అంతే పరీక్ష ఉంది. అమ్మవారు ఆ ఇంట్లో పెద్దవాళ్లను వదిలి చిన్నదానికి కనిపించింది. తమను దాటి వచ్చిన ఆ అనుగ్రహాన్ని చూసి వాళ్లు చిన్నబుచ్చుకోలేదు. వాళ్లు గనక ఆ పొద్దున మొహం ముడుచుకుని ఉంటే వ్రతం లేదు, కథ లేదు, ఇవాళ మనం పెడుతున్న కలశమూ లేదు. చారుమతి ప్రియంగా మాట్లాడేదన్న సంగతిని పురాణం పైకి చెప్పింది. ఆ ఇంట్లో వాళ్లు ఆమె మాటను ప్రియంగా వినేవారన్న సంగతిని మనకు వదిలేసింది.

మన ఆచారంలో కొత్త కోడలి మొదటి ఏడాది ఎలా నడుస్తుందో చూడండి. పెళ్లయిన తొలి ఆషాఢంలో అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదంటారు, అమ్మాయి పుట్టింటికి వెళ్లిపోతుంది. మళ్లీ శ్రావణం వస్తోందనగా అత్తవారింటి నుంచి చీర, సారె, శక్తి కొద్దీ బంగారం పట్టుకుని శ్రావణ పట్టీ అంటూ మనుషులు వస్తారు. శ్రావణంలో మంగళవారాల నోములు పట్టిస్తారు. అయిదేళ్లు చేయాల్సిన మంగళగౌరీ వ్రతం అది. తొలి ఏడు పుట్టింట్లో, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చేసి, తొలి వాయనం తల్లికే ఇవ్వాలని, తల్లి లేనివాళ్లు అత్తగారికి ఇవ్వవచ్చని పెద్దలు చెబుతారు. ఆ ఏర్పాటులో నాకు ఎంతో దయ కనిపిస్తుంది. పెళ్లయింది కదా, ఇక పుట్టిల్లు మరిచిపో అని ఎవరూ అనడం లేదు. మెట్టినింటి కోడలిగా మొదలుపెట్టే నోములో మొదటి పళ్లెం కన్నతల్లి ఒడిలోకే వెళుతుంది. అత్తగారు తల్లి తరవాత నిలబడతారు, తల్లి లేనిచోట తల్లిగా నిలబడతారు.

వరలక్ష్మీ పూజలో కట్టుకునే తోరంలోనూ ఇదే ఉంది. తొమ్మిది పోగుల దారానికి పసుపు రాసి, తొమ్మిది ముడులు వేసి, ఒక్కో ముడికి అమ్మవారి ఒక్కో పేరుతో పూజ చేస్తాం. ఆ పేర్లు గబగబా చదివేస్తాం కానీ ఈసారి కాస్త నింపాదిగా వినండి. క్షీరాబ్ధితనయ, అంటే తండ్రికి కూతురు. చంద్రసోదరి, తోడబుట్టినవాడికి అక్కచెల్లెలు. హరివల్లభ, భర్తకు ఇల్లాలు. లోకమాత, పిల్లలకు తల్లి. వైకుంఠానికి వెళ్లినా ఆవిడ పాలకడలి కూతురే, చంద్రుడి తోబుట్టువే. ఒక ముడి కోసం ఇంకో ముడి విప్పలేదు. అదే తోరాన్ని "బధ్నామి దక్షిణే హస్తే" అంటూ కుడిచేతికి కట్టుకునే మనం, ఇంటికొచ్చిన పిల్ల పుట్టింటి మాట ఎత్తితే "ఇంకా అక్కడి ధ్యాసేనా" అనడం ఆ పూజకు పొసగదు.

ఇక వాయనం. నా మటుకు నాకు వ్రతమంతటికీ ప్రాణం ఇక్కడే ఉంది.

ఇందిరా ప్రతిగృహ్ణాతు ఇందిరా వై దదాతి చ
ఇందిరా తారకోభాభ్యాం ఇందిరాయై నమో నమః

పుచ్చుకునేది ఇందిర, ఇచ్చేదీ ఇందిరే, ఇద్దరినీ తరింపజేసేదీ ఇందిరే. ఆ ఇందిరకు నమస్కారం.

పూజ అయ్యాక వచ్చిన పేరంటాలిని పీట మీద కూర్చోబెట్టి, పాదాలకు పసుపు రాసి, నుదుట కుంకుమ పెట్టి, మెడకు గంధం అద్దుతాం. నానబెట్టిన శనగలు, రవికె గుడ్డ, తాంబూలం, పండు, ఆ పూట చేసిన పిండివంట పళ్లెంలో సర్ది, దానిమీద చీర కొంగు కప్పి పట్టుకుంటాం. "ఇస్తినమ్మ వాయనం" అంటే అవతల ఆవిడ కొంగు పట్టి "పుచ్చుకుంటినమ్మ వాయనం" అంటుంది. "నా వాయనం అందుకున్నదెవరు?" అని అడిగితే "నేనే, వరలక్ష్మిని" అని జవాబు. ఇరవై ఏళ్ల కొత్త కోడలు పేరంటానికి వస్తే డెబ్భై ఏళ్ల ఆవిడ కూడా వంగి ఆ పిల్ల పాదాలకు పసుపు రాస్తుంది. వయసు, వరస, కట్నం, చదువు అన్నీ ఆ కాసేపు పక్కకు వెళతాయి. ఇచ్చేదాన్ని నేనన్న గర్వానికి చోటు లేదు, ఎందుకంటే ఇచ్చేది అమ్మవారు. పుచ్చుకుంటున్నానన్న చిన్నతనానికీ చోటు లేదు, పుచ్చుకునేదీ ఆవిడే.

కుటుంబాల్లో మనస్పర్థలు ఎక్కువగా ఈ ఇచ్చిపుచ్చుకోవడాల దగ్గరే పుడతాయి. వాళ్లేం పెట్టారు, మనమేం పెట్టాం, వాళ్ల చీర ఖరీదెంత, మన అమ్మాయికి వాళ్లు తెచ్చిన లక్ష్మీ రూపు ఎన్ని గ్రాములు. శ్రావణ పట్టీ తూకం మీద మొదలైన మాట పదేళ్ల తరవాత కూడా ఎత్తిపొడుపుగా వస్తూనే ఉంటుంది. అమ్మవారి పేరు మీద ఇచ్చినదాన్ని తూచడం ఆ శ్లోకం చదివే నోటికి తగదని గట్టిగానే చెబుతాను.

మా చిన్న కోడలు వరంగల్ పిల్ల. వాళ్ల ఇంట్లో వరలక్ష్మీ వ్రతం ఆనవాయితీ లేదు, బతుకమ్మ మాత్రం తొమ్మిది రోజులూ ఘనంగా చేస్తారు. మొదటి శ్రావణం వచ్చేసరికి ఆ పిల్లకు మనసులో టెన్షనే, మా పద్ధతులు తెలియవని. కలశానికి చీర కట్టడం, అమ్మవారి ముఖం అమర్చడం కన్నార్పకుండా చూసింది. వాయనం వేళకు మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. సద్దుల బతుకమ్మ నాడు వాళ్లు సత్తు పంచుకుంటూ చెప్పుకునేవి కూడా ఈ మాటలే. "ఇస్తినమ్మ వాయినం" అని ఆ పిల్ల వాళ్ల యాసలో అంటే మా ఇంట్లో వాళ్లందరి ముఖాలూ వికసించాయి.

అప్పుడే ఒక మాట అడిగింది. "అత్తమ్మా, నానమ్మ బయటికి ఎందుకొస్తలేరు?" అని. మా అత్తగారి సంగతి. మా మామగారు పోయినప్పటి నుంచి ఆవిడ పేరంటం పూట వంటింట్లోనే ఉండిపోతారు. పూర్ణం ఉడకబెట్టేది ఆవిడే, శనగలు కడిగేది ఆవిడే. ఎవరూ రావద్దనలేదు, ఆవిడా రాలేదు, అలా అలవాటైపోయింది. ఇల్లంతా ఒక్క క్షణం మాట్లాడలేదు. తరవాత మా వారే లోపలికి వెళ్లి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. "నాకెందుకే ఇవన్నీ" అంటూనే ఆవిడ పీట మీద కూర్చున్నారు. చిన్న కోడలు ఆవిడ కుడిచేతికి తోరం కట్టింది. మొదటి వాయనం ఆవిడకే ఇచ్చింది. "పుచ్చుకుంటినమ్మ" అంటున్నప్పుడు ఆవిడ గొంతు వణికింది గానీ, మాట పూర్తిగా అన్నారు. ఇప్పుడు మా ఇంట్లో తోరాలు ముడివేసేదీ, కథ చదివేదీ ఆవిడే.

ముత్తైదువలనే పిలవాలని వాదించేవాళ్లతో నాకు పోట్లాట లేదు, ఎవరి ఇంటి సంప్రదాయం వాళ్లది. ఆ శ్లోకంలో మాత్రం ఇందిర పేరు తప్ప వేరే షరతు ఏదీ నాకు కనపడలేదు. ఇంటికి కొత్తగా వచ్చిన పిల్ల కళ్లకు, మనకు అలవాటైపోయి కనిపించని సంగతులు కనిపిస్తాయి. వాటిని చెప్పే ధైర్యం ఆ పిల్లకు రావాలంటే, చెబితే వింటారన్న నమ్మకం ముందు రావాలి. ఆ నమ్మకాన్ని ఇవ్వాల్సింది పెద్దవాళ్లే. అడగకుండానే ఇవ్వాలి.

చారుమతి తరవాత చేసిన పని కూడా చిన్నది కాదు. వరమిస్తానన్నది ఆమెకొక్కదానికే. అయినా ఇరుగుపొరుగు ఆడవాళ్లందరికీ చెప్పింది, అందరూ కలిసి ఆ శుక్రవారం కోసం ఎదురుచూశారు. మొదటి ప్రదక్షిణకు కాళ్లకు గజ్జెలు ఘల్లుమన్నాయి. రెండోదానికి చేతులకు నవరత్న కంకణాలు మెరిశాయి. మూడోదానికి అందరూ సర్వాభరణ భూషితులయ్యారు. అందరికీ అని కథ స్పష్టంగా చెబుతోంది. పంచుకున్నందుకు ఆమె వాటా తగ్గలేదు. ఇళ్లకు వెళుతూ ఆ ఆడవాళ్లు దారి పొడుగునా చారుమతి వల్లే మనకింత భాగ్యం కలిగిందని చెప్పుకున్నారట. ఒకరి మంచిని ఈర్ష్య లేకుండా నోరారా చెప్పుకునే ఊరు, అది కూడా లక్ష్మీ కటాక్షమే అనిపిస్తుంది నాకు.

ఇవాళ అపార్ట్‌మెంట్లలో పక్క ఫ్లాట్ తలుపు తట్టడానికే మొహమాటపడుతున్నాం. ఈ పండగ ఆ మొహమాటాన్ని తీసేస్తుంది. బొట్టు పెట్టి పిలవడానికి ముందు పరిచయం ఉండాలని ఏం లేదు. కన్నడ వాళ్లూ తమిళులూ కూడా ఈ వ్రతం చేసుకుంటారు కాబట్టి అమెరికాలో ఉన్న మన పిల్లలకు పేరంటాళ్లు సులువుగానే దొరుకుతున్నారు. ఆఫీసు ఉన్న శుక్రవారమైతే సాయంత్రం పూజ పెట్టుకుంటున్నారు. వేరే భాష కోడలు వచ్చిన ఇళ్లలో ఆ అమ్మాయి నాలుక తిరగక "ఫుచ్చుకుంటినమ్మ" అన్నా అందరూ ఆనందంగా అక్షింతలు వేస్తున్నారు.

తిరుచానూరులో పద్మావతి అమ్మవారి కార్తిక బ్రహ్మోత్సవాల చివరి రోజున, పంచమీ తీర్థానికి, తిరుమల నుంచి స్వామివారి సారె ఊరేగింపుగా వస్తుంది. పసుపు, కుంకుమ, పట్టుచీర, ప్రసాదాలు. అమ్మవారంతటి ఆవిడకు కూడా అత్తవారి వైపు నుంచి ఏటా ఆ ఆదరణ అందుతోంది. ఒకసారి పెళ్లిలో పెట్టాం కదా అని ఊరుకోవడం లేదు.

ఈ శ్రావణంలో మీ ఇంట్లో తొలి ఏడాది కోడలు ఉంటే, పూజ సామాన్ల చీటీ రాసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ల పుట్టింట్లో తోరానికి ఏ పువ్వు కడతారు, పరమాన్నంలో బెల్లం వేస్తారా పంచదారా, కథ ఎవరు చదువుతారు, వాళ్ల అమ్మమ్మ ఏ హారతి పాడేది, అడగండి. వ్రతమే లేని ఇంటి నుంచి వచ్చిన పిల్లయితే వాళ్ల పెద్ద పండగ ఏదో, అందులో తనకు బాగా ఇష్టమైనది ఏదో అడగండి. చెప్పినవాటిలో ఒక్కటైనా ఈ ఏడే మీ పూజలో కలపండి, కలిపేటప్పుడు ఆ పిల్ల చేతే చేయించండి.