సున్నా పైనుందా, కిందుందా?

రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఊళ్లో ఒక జూనియర్ కళాశాలలో రెండేళ్లు పాఠాలు చెప్పి, ఆ తర్వాత పీహెచ్‌డీకి అమెరికా వచ్చాను. వారానికి 20 గంటలు ల్యాబ్ తరగతి చూసుకోవాలి, బదులుగా ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్. పని గురించి బెంగ లేదు. మనసుకు పట్టని సంగతల్లా ఒక్కటే: నాకు సహాయంగా వేసిన మనిషికి పంతొమ్మిదేళ్లు.

ఆ అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. కిందటేడు ఇదే కోర్సు బాగా చదివింది, అదే అర్హత. జీతం లేదు, డిగ్రీ లెక్కలోకి వచ్చే క్రెడిట్లు ఇస్తారు. వారానికోసారి బోధన మీద ఒక తరగతికి వెళ్లాలి. డిగ్రీ పిల్లలకే ఇలా తర్ఫీదునిచ్చి తరగతుల్లోకి పంపే పద్ధతి కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ ప్రాంగణంలో 2003లో మొదలైందని తర్వాత తెలిసింది. మన దగ్గరైతే ఫిర్యాదు చేయడానికి ప్రిన్సిపాల్ గది ముందు తల్లిదండ్రులు బారులు తీరేవారు. ఆ అమ్మాయి మొదటిరోజే నన్ను పేరు పెట్టి పిలిచింది. తెలుగే మాట్లాడితే ‘మీరు’ అనేదో ‘నువ్వు’ అనేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మూడో వారం టైట్రేషన్, అంటే తూచిన ఆమ్లంతో క్షారం గాఢత ఎంతో తేల్చడం. పొటాషియం హైడ్రోజన్ థాలేట్ అనే ఆమ్ల లవణం అర గ్రాము తూచి, నీళ్లలో కరిగించి, క్షారం తగిలితే గులాబి రంగెక్కే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్ అనే గీతలున్న కుళాయి గొట్టం నుంచి సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారాన్ని వదలాలి. లేత గులాబి రంగు ముప్పై సెకన్లు నిలిస్తే చాలు. బోర్డు దగ్గర అరగంట సేపు మెనిస్కస్ (గొట్టంలో ద్రవం పైభాగంలో కనిపించే వంపు) గురించి, కన్ను ఏ ఎత్తులో ఉండాలన్నదాని గురించి ఏకరువు పెట్టాను. 24 మందీ తలలూపారు.

తీరా లెక్కలు చూస్తే నాలుగు బల్లల దగ్గర క్షారం గాఢత తక్కువ వస్తోంది. క్షారం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుందా? సీసా అందరికీ ఒకటే, మిగతావారికి సరిగ్గానే వస్తోంది. నేను తూకాల కాగితాలు తిరగేస్తుంటే, ఆ అమ్మాయి ఒక బల్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, బ్యూరెట్ వంక చూస్తూ అడిగింది: “ఇందులో సున్నా పైనుందా, కిందుందా?”

కుర్రవాడు తల పైకెత్తి చూసి నాలుక కరుచుకున్నాడు. బ్యూరెట్‌లో అంకెలు పైనుంచి కిందికి పెరుగుతాయి. అతను కొలజాడీ చదివినట్టు కింద ఉన్న 25 గీత పట్టుకుని పైకి లెక్కపెట్టాడు. 24.30 మిల్లీలీటర్లు కాస్తా 25.70 అయింది, ఎక్కువ క్షారం పట్టినట్టు తేలి గాఢత తగ్గింది. ఆమె తప్పు ఇదీ అని చెప్పనేలేదు, అప్పటికే పక్క బల్ల దగ్గరుంది.

ఎలా పట్టుకున్నావని అడిగాను. “కిందటేడు నేనూ అలాగే చదివాను.”

ఎనిమిదేళ్లుగా బ్యూరెట్ పట్టిన చేయి నాది. దాన్ని తలకిందులుగా చదవవచ్చన్న ఊహే నాకు రాలేదు. ఆ తర్వాత ప్రతి సోమవారం సమావేశంలో ముందు ఆమెనే అడిగేవాణ్ణి, ఈ వారం ఎక్కడ జారిపడతారని. త్రాసు తలుపు మూయకుండా తూస్తారని, పిపెట్ కొనలో మిగిలిన చుక్కను ఊదేస్తారని చెప్పేది. అలాగని అన్నీ తెలుసని కాదు. ఆమ్లత్వం అంత తేలిగ్గా మారని బఫర్ ద్రావణాల గురించి ఒక బల్లకు మహా ధీమాగా తప్పు చెప్పింది. మరుసటి వారం దాన్ని దిద్దలేక నా తల ప్రాణం తోకకు వచ్చింది.

చివరి రోజు గాజు సామాను కడుగుతూ, మీ దేశంలో ల్యాబ్‌లో ఎవరు సాయం చేసేవారని అడిగింది. మా ల్యాబ్ అటెండర్ గురించి చెప్పాను. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో లవణ విశ్లేషణ ఉంటుంది, ఇచ్చిన పొడి ఏ లవణమో కనుక్కోవాలి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అటు తిరగగానే పరీక్షనాళికలు సర్దుతున్నట్టు వచ్చి, “అమ్మోనియం క్లోరైడ్” అని గొణిగి వెళ్లేవాడు. పదో తరగతి దాటలేదు, కానీ పొడిని ఒకసారి చూస్తే చాలు ఆయనకు.

ఆ అమ్మాయి బ్యూరెట్‌ను తలకిందులుగా స్టాండుకు బిగిస్తూ, ఆయనకు ఎన్ని క్రెడిట్లు ఇచ్చేవారని అడిగింది.

“మనిషికి ఇరవై రూపాయలు” అన్నాను.