తాత జట్టు, మనవడి జట్టు

బెంగళూరులో పుట్టి పెరుగుతున్న పిల్లాడికి తెలుగు అంటించడానికి నేను పడని పాట్లు లేవు. ఆదివారం క్లాసు, వేమన పద్యాలు, అమ్మమ్మకి వీడియో కాల్... దేనికైనా మా వాడి జవాబు "ఊఁ", "సరే". అలాంటివాడు గుక్క తిప్పుకోకుండా తెలుగు మాట్లాడింది చిన్నస్వామి స్టేడియంలో, వాళ్ల తాతతో పోట్లాడుతూ.

2025 జనవరి 25, శనివారం. రాష్ట్ర జట్లు ఆడే రంజీ ట్రోఫీ క్రికెట్‌లో కర్ణాటక, పంజాబ్ మ్యాచ్ మూడో రోజు. పంజాబ్ మొదటి ఇన్నింగ్స్‌లో 55కే చాప చుట్టేసింది. కర్ణాటక స్మరణ్ డబుల్ సెంచరీతో 475 చేసింది. ఇక ఫలితం ఎవరికి కావాలి? అందరూ పంజాబ్ తరఫున ఆడుతున్న శుభ్‌మన్ గిల్ కోసమే వచ్చారు. సంక్రాంతి తర్వాత విజయవాడ నుంచి వచ్చిన మామయ్యగారిని, వాణ్ణి తీసుకుని మెట్రోలో కబ్బన్ పార్క్ దగ్గర దిగాం.

ఐపీఎల్‌లో స్పీకర్ల మోతకి పక్కవాడి మాట వినపడదు. రంజీలో ఫీల్డర్ల అరుపులు కూడా వినిపిస్తాయి. వాళ్లు కన్నడలో ఏదో అంటే తాత "ఏంట్రా?" అని అడగడం, వీడు తెలుగులో చెప్పడం. నేను నోరు మెదపలేదు. మెదిపితే ఆపేస్తాడని భయం.

అసలు గొడవ విశ్వనాథ్ దగ్గర మొదలైంది. 1967లో గుండప్ప విశ్వనాథ్ తన మొదటి రంజీ మ్యాచ్‌లోనే విజయవాడలో ఆంధ్రా మీద 230 కొట్టాడని మామయ్యగారు చెప్పారు. "చూశావా, మా కర్ణాటక!" అన్నాడు వాడు.

"అప్పటికి కర్ణాటక ఎక్కడిదిరా, మైసూరు జట్టు. మరి మన లక్ష్మణ్ ఇదే గ్రౌండ్‌లో, 2000లో, మీ వాళ్ల మీద 353 కొట్టలేదూ?"

"ఆయన హైదరాబాద్ కదా తాతయ్యా! నువ్వు ఆంధ్రా. తెలుగువాళ్లకి రెండు జట్లు ఎందుకు? పోనీ, నీ ఆంధ్రా రంజీ ఎన్నిసార్లు గెలిచింది?"

మామయ్యగారు కళ్లజోడు తుడుచుకున్నారు. ఒక్కసారీ లేదు. హైదరాబాద్‌ని కలుపుకున్నా రెండే. కర్ణాటకవి అప్పటికే ఎనిమిది. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన వెనక్కి తిరిగి, "ఒప్పేసుకోండి సార్, పిల్లాడు గెలిచాడు" అన్నారు, శుభ్రమైన తెలుగులో. బెంగళూరులో ఇదొకటి, ఎవరికి తెలుగు రాదో చెప్పలేం.

రంజీలో లంచ్ పదకొండున్నరకే. మాకు ఆకలి వేసేసరికి ఆట మళ్లీ మొదలైపోయింది. పంజాబ్ రెండో ఇన్నింగ్స్‌లో గిల్ సెంచరీ చేసి, 102 దగ్గర అవుటయ్యాడు. కర్ణాటక ఇన్నింగ్స్ మీద 207 పరుగుల తేడాతో గెలిచింది. వీడు కన్నడలో కేకలు వేస్తుంటే తాత కూడా చప్పట్లు కొట్టారు.

వాడు కర్ణాటక వైపు ఉండటం మొదట్లో నాకు కాస్త గుచ్చుకునేది. ఇప్పుడు లేదు. ఇద్దరూ ఒకే జట్టైతే ఇంత మాట్లాడుకునేవాళ్లా? ఆదివారం క్లాసు మాన్పించలేదు గానీ, రంజీ షెడ్యూల్ మాత్రం ఫ్రిజ్ మీద అంటించాను. మామయ్యగారు ఊరెళ్లాక ఫోన్ చేసి అడిగే మొదటి మాట "బాగున్నావా" కాదు, "మీ వాళ్ల స్కోరెంత?"