మాహిష్మతికి వెళ్ళొచ్చాం

మా అబ్బాయి దగ్గర ఒక మ్యాప్ ఉంది. రెండు డ్రాయింగ్ షీట్లు టేపుతో అతికించి, పుట్టినరోజుకి వచ్చిన స్కెచ్ పెన్నులు అరిగేదాకా గీశాడు. నడిమధ్యన మాహిష్మతి. ఎడమ పక్కన కుంతల రాజ్యం. కుడి పక్కన కాలకేయుల ఎడారి, అదంతా నల్లరంగు. కింద జలపాతం, ఆ జలపాతం అడుగున అడవి మనుషుల గూడెం. ఒక్కో రాజ్యం మీద దాని రాజు పేరు, జెండా గుర్తు. రాజు లేని చోటు ఆ మ్యాప్‌లో ఒక్కటీ లేదు.

‘బాహుబలి’ మొదటి భాగం 2015 జులైలో వచ్చినప్పుడు వాడు నా కడుపులో ఉన్నాడు. రెండోది 2017 ఏప్రిల్ నెలాఖరున వచ్చింది, అప్పటికి ఇంకా మాటలు కూడా సరిగా రాలేదు. ఇప్పుడు మాత్రం రెండూ వాడికి కంఠతా వచ్చు. కాలకేయుల కోసం మదన్ కార్కీ తయారు చేసిన కిలికి భాష కూడా కొంత నేర్చుకున్నాడు. దానికి దాదాపు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు ఉన్నాయట. స్కూల్లో హిందీ వ్యాకరణం అంటే ఏడ్చేవాడు ఆ సూత్రాలు రాసుకుని మరీ చదివాడు.

దసరా సెలవుల్లో రామోజీ ఫిల్మ్ సిటీకి తీసుకెళ్ళాం. విజయవాడ హైవే మీద అంత దూరం వెళ్ళి, బస్సుల్లో తిరిగి, చివరికి మాహిష్మతి సెట్ ముందు నిలబడ్డప్పుడు వాడు కాసేపు మాట్లాడలేదు. సాబు సిరిల్ వేసిన సెట్టు అది. పెద్ద పెద్ద ఏనుగులు, స్తంభాలు, సింహాసనం. దూరం నుంచి చూస్తే రాయే అనిపిస్తుంది. దగ్గరికెళ్ళి వేలితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. అంతా ఫైబరూ, ప్లాస్టరూ, చెక్కా. నాకు అది చూసి చిన్నతనం కలగలేదు, గౌరవమే కలిగింది. అంత రాతిని మనసులో చెక్కి, దాన్ని చేతితో ఎత్తగలిగేంత తేలిక సామానుతో నిలబెట్టడం గొప్ప పనితనం. కానీ బయటికి వస్తూ ఉంటే ఒక మాట లోపల గుచ్చుకుంది. సభ చూశాం, సింహాసనం చూశాం, కోట గుమ్మం చూశాం. ఈ ఊళ్ళో జనం ఎక్కడుంటారు? వాళ్ళు ఏం పండిస్తారు, ఏం కట్టుకుంటారు?

ఆ రోజు రాత్రి రాజమండ్రి నుంచి అమ్మ ఫోన్ చేసింది. ముప్పై ఏళ్ళు తెలుగు టీచరుగా పని చేసిన మనిషి. మావాడు ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాక, ‘‘ఒరేయ్ కన్నా, మాహిష్మతి సినిమావాళ్ళు పుట్టించిన ఊరు కాదురా. భారతంలో ఉంది. మన నన్నయ గారు తెలిగించిన సభాపర్వంలో సహదేవుడు ఆ ఊరి మీదకే వెళ్ళాడు’’ అంది.

‘‘అయితే నిజంగా ఉందా అమ్మమ్మా? వెళ్ళొచ్చా?’’

అలా డిసెంబరు సెలవుల్లో మేం ముగ్గురం బయలుదేరాం.

మధ్యప్రదేశ్‌లో ఖర్గోన్ జిల్లా మహేశ్వర్‌నే పాత మాహిష్మతి అంటారు. ఇంకొంచెం ఎగువన ఉన్న ఓంకారేశ్వర్ మాంధాత దీవే మాహిష్మతి అన్న పండితులూ ఉన్నారు. మహేశ్వర్‌లో మాత్రం ఎవరిని అడిగినా ఆ సందేహమే లేదు. ఇండోర్ నుంచి దాదాపు 90 కిలోమీటర్లు. ఇండోర్‌లో పొద్దున్నే అటుకులు, జిలేబీ కలిపి తినేసి కారెక్కాం. మౌ దాటాక మాన్‌పూర్ దగ్గర ఘాట్ రోడ్డు దిగుతుంటే మాళవం పీఠభూమి వెనకపడి నిమాడ్ మైదానం మొదలవుతుంది. పత్తి చేలు, గోధుమ చేలు.

దారి పొడవునా అమ్మ కథ చెబుతూనే ఉంది. మాహిష్మతి రాజు నీలుడు. అగ్నిదేవుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి ఆయన కూతుర్ని వలచాడు. రాజు పిల్లనిచ్చాడు. అల్లుడైన అగ్ని, ఈ ఊరి మీదకి ఎవరొచ్చినా దహిస్తానని మాటిచ్చాడు. అందుకే సహదేవుడి సేన రథాలతో సహా అంటుకుంది. సహదేవుడు విల్లు పక్కన పెట్టి దర్భలు పరుచుకుని అగ్నిని స్తుతించాడు. అప్పుడు అగ్నే నీలుడికి చెప్పి కప్పం ఇప్పించాడు. సంస్కృతంలో ఇంకో మాట కూడా ఉందని అమ్మ చెప్పింది. ఆ ఊరి ఆడవాళ్ళు తమ ఇష్టప్రకారం ఉండొచ్చని అగ్ని వరమిచ్చాడట.

‘‘మరి కాలకేయులు?’’ అన్నాడు మావాడు.

‘‘వాళ్ళూ భారతంలో ఉన్నారు. వృత్రాసురుడు చచ్చాక సముద్రంలో దాక్కుని, రాత్రుళ్ళు పైకొచ్చి మునుల్ని చంపేవాళ్ళు. అగస్త్యుడు సముద్రాన్ని తాగేస్తే బయటపడ్డారు.’’

వాడు బ్యాగులోంచి మ్యాప్ తీసి కాలకేయుల ఎడారిని చాలాసేపు చూశాడు. సముద్రం గీయడానికి అక్కడ చోటు లేదు.

మహేశ్వర్ చిన్న ఊరు. సందుల్లోంచి నడిచి కోట గుమ్మం దాటి మెట్లు దిగితే ఒక్కసారిగా నర్మద. నేనైతే అక్కడే ఆగిపోయాను. నది అంత వెడల్పు, అంత ప్రశాంతం. దానికి ఈవల పొడుగునా రాతి మెట్లు, పైన కోట గోడ, దాని మీద గుడి శిఖరాలు. ఇక్కడ ఏదీ డొల్ల కాదు. మావాడు తెలిసే చేశాడో అలవాటుగా చేశాడో గానీ, ఛత్రి (రాజుల స్మారక మండపం) అడుగున వరసగా చెక్కిన ఏనుగుల్లో ఒకదాన్ని వేలితో తట్టాడు. ఏ శబ్దమూ రాలేదు.

కాళిదాసు రఘువంశంలో ఇందుమతి స్వయంవరం దగ్గర ఈ నదిని మాహిష్మతి కోటకు మొలనూలు అన్నాడని అమ్మ చెప్పింది. పైనుంచి చూస్తే అంతకంటే వేరే మాట తోచదు.

సాయంత్రం రాజరాజేశ్వర గుడికి వెళ్ళాం. మాహిష్మతి ఏలిన హైహయ రాజు కార్తవీర్యార్జునుడిది ఆ గుడి. వెయ్యి చేతులవాడు. లోపల 11 నేతి దీపాలు ఎప్పుడూ ఆరకుండా వెలుగుతుంటాయి. భక్తులు నెయ్యి తెచ్చి ఇస్తారు. మనకు ఆయన పరశురాముడి చేతిలో చచ్చిన అహంకారిగానే తెలుసు. ఇక్కడ ఆయన దేవుడు, ఊరికి పెద్దదిక్కు. ఒకే రాజు ఒకచోట దోషి, ఇంకోచోట దైవం కావడం చూసి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను.

మర్నాడు సహస్రధారకు పడవలో వెళ్ళాం. ఊరికి కొన్ని కిలోమీటర్ల దిగువన నర్మద నల్లరాళ్ళ మధ్య లెక్కలేనన్ని పాయలుగా చీలి కిందికి దూకుతుంది. కార్తవీర్యుడు తన వెయ్యి చేతులూ అడ్డుపెట్టి నదిని ఆపాడట. వేళ్ళ సందుల్లోంచి నర్మద ఇలా కారిపోయిందట. ఎగదన్నిన నీళ్ళు ఒడ్డున శివపూజ చేసుకుంటున్న రావణుడి పూలను కొట్టుకుపోతే, ఆయన కోపంతో యుద్ధానికి వచ్చి కార్తవీర్యుడికి బందీ అయ్యాడని రామాయణం ఉత్తరకాండ చెబుతుంది. ఆ రాళ్ళు చూశాక ఆ కథ ఎవరికైనా పుడుతుంది. సినిమా కోసం జలపాతం కేరళలోని అతిరాపిళ్ళిలో తీశారు. మాహిష్మతికి సొంత ధార ఒకటుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

పడవ నడిపే పెద్దాయన ఎదురైన ప్రతి పడవకీ ‘‘నర్మదే హర్’’ అని కేకేసి పలకరించేవాడు. తెల్లబట్టల్లో కర్ర పట్టుకుని ఒడ్డు వెంట నడిచిపోయేవాళ్ళని చూపించి, వాళ్ళు పరిక్రమవాసులని చెప్పాడు. నదిని ఎప్పుడూ కుడిచేతి వైపే ఉంచుకుని, ఎక్కడా దాటకుండా, సముద్రం దాకా వెళ్ళి రెండో ఒడ్డున తిరిగొస్తారు. అమ్మ లేచి నిలబడి వాళ్ళకి దణ్ణం పెట్టింది. పడవ ఊగుతోందని నాకు టెన్షన్.

తిరిగొచ్చేటప్పుడు ఎదురు ఒడ్డున నావ్‌డాటోలీ దగ్గర ఆగాం. 1950లలో పురావస్తు శాస్త్రవేత్త ఎచ్.డి. సాంకలియా బృందం ఇక్కడ తవ్వింది. మూడున్నర వేల ఏళ్ళ కిందటి పల్లె బయటపడింది. గుండ్రటి ఇళ్ళూ, నలుచదరపు ఇళ్ళూ, వెదురూ మట్టీ కలిపి కట్టినవి. ఎర్రటి కుండల మీద నల్లరంగుతో బొమ్మలు. కాలిపోయిన గోధుమ, మినుము, పెసర గింజలు. వాళ్ళ రాజెవరో ఎవరికీ తెలియదు. అసలు రాజు ఉన్నాడో లేదో. ఏం తిన్నారో మాత్రం తెలుసు. ఫిల్మ్ సిటీలో నాకు కలిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ, చూడ్డానికి పెద్దగా ఏమీ లేని ఒక మట్టిదిబ్బ మీద దొరికింది.

కోటలోని రాజ్‌వాడా, అంటే పాత రాజనివాసం గురించి కాస్త ఎక్కువే రాయాలి.

శివగామి పాత్ర చూసినప్పటి నుంచి, పసిబిడ్డని చేతిలో పట్టుకుని సింహాసనం మీద కూర్చున్న ఆడమనిషంటే నాకు గొప్ప ఇష్టం. అటువంటి మనిషి నిజంగా ఈ ఊరిని ఏలిందని తెలియకపోవడం నా లోటు. అహల్యాబాయి హోల్కర్ 1725లో పుట్టింది. 1754లో కుంభేర్ కోట ముట్టడిలో భర్త ఖండేరావు పోయాడు. ఆమె సహగమనానికి సిద్ధపడితే మామగారు మల్హర్‌రావు అడ్డుకున్నాడు. రాజ్యం పనులు నేర్పాడు. 1766లో ఆయనా పోయాడు, మరుసటి ఏడాది ఒక్కగానొక్క కొడుకూ పోయాడు. ఆ దుఃఖంలోనే పాలన చేతిలోకి తీసుకుని, మహేశ్వర్‌ని రాజధాని చేసుకుని, 1795లో చనిపోయేదాకా ఏలింది.

ఆవిడ కూర్చున్న గద్దె ఇప్పటికీ ఉంది. నేల మీద తెల్లటి పరుపు, వెనక ఒక బాలీసు. అంతే. చుట్టూ చెక్క స్తంభాల వసారా, ముందు తులసి కోట ఉన్న వాకిలి. మన గోదావరి జిల్లాల పాత మండువా ఇళ్ళు ఇంతకంటే ఆర్భాటంగా ఉంటాయి. రోజూ అక్కడే కూర్చుని ఫిర్యాదుకొచ్చిన ఎవరి మాటైనా వినేదట. బొమ్మల్లో ఆవిడ అరచేతిలో కత్తి ఉండదు, శివలింగం ఉంటుంది.

మావాడు ‘‘సింహాసనం ఏదమ్మా?’’ అన్నాడు.

‘‘ఇదే నాన్నా.’’

‘‘ఇదేనా!’’ అని, చెప్పులు లేని కాళ్ళు ఇంకొంచెం వెనక్కి తీసుకున్నాడు.

కాశీ విశ్వనాథుడి గుడిని 1780లో మళ్ళీ కట్టించింది ఈవిడే. మన శ్రీశైలంలో పాతాళగంగకు దిగే పాత మెట్లు కూడా ఈవిడ కట్టించినవే అంటారు. అమ్మ ఆ మాట వినగానే వసారా అరుగు మీద కూర్చుండిపోయింది. పెళ్ళైన కొత్తలో నాన్నతో ఆ మెట్లు దిగి కృష్ణలో మునిగిందట. ‘‘ఎవరు కట్టించారో ఒక్కసారైనా అడగలేదే’’ అంది.

కోటలోనే రెహ్వా సొసైటీ మగ్గాలున్నాయి. 1978లో హోల్కర్ వంశంవాళ్ళే మొదలుపెట్టారు. రేవా అంటే నర్మదే. అహల్యాబాయి బయటి నుంచి నేతగాళ్ళని రప్పించి ఊళ్ళో నిలిపిందని, మహేశ్వరీ చీర అలా మొదలైందని చెబుతారు. పడుగు పట్టు, పేక నూలు. అంచుల మీద ఉండే గుర్తులు కోట గోడల మీద చెక్కినవే. ఇటుక, చాప, నర్మద అల. అంచు రెండువైపులా ఒకేలా వస్తుంది, కాబట్టి ఎటు తిప్పి అయినా కట్టుకోవచ్చు. అమ్మకి ఉప్పాడ చీరలు బాగా తెలుసు. అంచు వేళ్ళ మధ్య పెట్టుకుని నలిపి చూసి, నాడె ఎలా వేస్తున్నారో పక్కన నిలబడి చూసి, చివరికి ఇటుక అంచు చీర ఒకటి తీసుకుంది. నేత నేస్తున్న అమ్మాయి నవ్వుతూ కిటికీలోంచి కోట గోడని చూపించింది. ఆ గోడే అమ్మ చేతిలో ఉంది.

చివరి రాత్రి ఘాట్ మెట్ల మీద కూర్చున్నప్పుడు అమ్మ చెప్పిన సంగతి నన్ను ఇంకా వదలడం లేదు. క్రీ.శ. 600 ప్రాంతంలో మాహిష్మతి కలచురి వంశపు రాజుల చేతిలో ఉండేది. బాదామి చాళుక్య మంగళేశుడు వాళ్ళ రాజు బుద్ధరాజుని ఓడించి సంపదంతా తీసుకున్నాడు, మహాకూట స్తంభ శాసనంలో ఆ మాట ఉంది. ఆ మంగళేశుడి అన్న కొడుకే రెండో పులకేశి. ఆయన తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు 624లో వేంగిలో రాజ్యం పెట్టాడు. ఆ వంశంలోని రాజరాజ నరేంద్రుడే రాజమహేంద్రవరంలో నన్నయ గారిని పిలిచి భారతం తెలుగులో రాయమన్నాడు. మాహిష్మతి రాజుని గెలిచినవాళ్ళ వంశంవాడు అడిగితేనే ఆ ఊరి కథ మన భాషలోకి వచ్చిందన్నమాట. తొమ్మిదొందల ఏళ్ళు దాటాక ఆ పేరే తెలుగు సినిమా కెక్కి దేశమంతా తిరిగింది.

మర్నాడు తెల్లవారుజామున గుడి దగ్గర బ్రాహ్మలు నల్లమట్టితో వేలకొద్దీ చిన్న చిన్న లింగాలు చేసి పూజించి, నర్మదలో కలపడం చూశాం. అహల్యాబాయి మొదలుపెట్టిన పూజ, ఇప్పటికీ నడుస్తోంది. మావాడు మెట్ల మీద బోర్లా పడుకుని మ్యాప్ పరిచాడు. కోట కింద నీలం పెన్నుతో పొడుగ్గా నది గీశాడు. నర్మద అని పేరు రాశాడు. గోదావరి, కృష్ణ ఎలా పారతాయో అలా ఎడమ నుంచి కుడికి బాణం గుర్తు పెట్టాడు.

‘‘ఇది పడమటికి పోతుంది నాన్నా, అరేబియా సముద్రంలో కలుస్తుంది’’ అన్నాను.

లేచి నీళ్ళ దగ్గరికెళ్ళి, గుడి నుంచి తెచ్చుకున్న బంతిపువ్వు ఒకటి వదిలి, అది ఎటు పోతుందో చూశాడు. తిరిగొచ్చి బాణాన్ని కొట్టేసి, రెండోవైపుకి గీశాడు.